పదో టికెట్

వెర్నా కొవాలిక్‌కి మనుషులు పేర్లతో కంటే పళ్లాలతో ఎక్కువ గుర్తుంటారు. మా టానర్స్ గ్యాప్ ఊరి బడి వంటింట్లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేస్తే ఎవరికైనా అంతే. బ్యాంకులో టై కట్టుకుని కూర్చునే పెద్దమనిషి ఆమె లెక్కలో ఇప్పటికీ బఠానీలు ఏరి పక్కన పెట్టే పిల్లాడే. కోర్టు గుమాస్తా సగం తాగిన పాలు బల్లకింద దాచే పిల్లాడు. వాళ్లు ఊళ్లో ఎంత బిగదీసుకుని తిరిగినా ఆమె ఎదురుపడితే మాత్రం కాస్త తగ్గే మాట్లాడతారు. పొట్టి మనిషి, అరవై ఒకటి నిండాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. బొగ్గు గనిలో పనిచేసిన మొగుడు రాన్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు కలగలేదు. రోజూ నాలుగు వందల మందికి వడ్డించే మనిషికి ఆ లోటు తలచుకునే తీరిక కూడా ఉండేది కాదు.

ఆమెకి ఉన్న బలహీనత ఒక్కటే. ఎవరికైనా మేలు జరుగుతుందని తోస్తే చాలు, వాళ్లు అడిగారా లేదా అని చూడదు, చేసేస్తుంది. పక్కింటావిడకి కీళ్లనొప్పులని తెలిస్తే ఆవిడ కిటికీలు తుడిచి వస్తుంది. ఎవరి పిల్లకైనా కోటు లేదని తెలిస్తే చర్చిలో పాత బట్టల పెట్టె మొత్తం తిరగేసి, తెల్లారేసరికి గుండీలు కుట్టి తెచ్చి తొడిగేస్తుంది. వద్దన్నా ఊరుకోదు. ఇలాంటి వాళ్లని ఊరు నెత్తిన పెట్టుకుంటుంది. ఆపవలసినప్పుడు కూడా ఆపదు.

మా ఊళ్లో బడికి ఏదైనా కావలసి వస్తే తుపాకీ లాటరీ పెడతారు. ఇందులో వింతేమీ లేదు. చర్చి పైకప్పు అలాగే వేశారు, అంబులెన్సు అలాగే వచ్చింది. కిందటేడు సెప్టెంబరులో బడి బ్యాండు పిల్లల యూనిఫాంలు చిరిగిపోయాయని ఫైర్ స్టేషన్ హాల్లో మళ్లీ పెట్టారు. మొదటి బహుమతి జింకల వేట రైఫిలు. తరవాతవి రెండు షాట్‌గన్లు. ఆ తరవాత పన్నెండు పంది తొడలు, పొగబెట్టినవి, ఒక్కొక్కటి ఒక కుటుంబానికి వారం వస్తుంది.

బ్యాండు పిల్లల తల్లులకీ, బడిలో పనిచేసే వాళ్లకీ తలా పది టికెట్ల పుస్తకం ఇచ్చారు. పుస్తకం ఖాళీ చేసి తేవాలి. అమ్ముడుపోని టికెట్ వెనక్కి తేవడం పరువు తక్కువ. అందుకని మిగిలింది అమ్మేవాళ్లే కొనేసి, చీటీ మీద ఎవరి పేరో ఒకటి రాసేస్తారు. తమ పేరు మాత్రం రాసుకోరు. అమ్మినవాళ్లకే బహుమతి వస్తే జనం నోళ్లు ఊరుకోవు కదా. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అందరూ పాటించేదే.

వెర్నా దగ్గర పదో టికెట్ మిగిలింది. కలం పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంటే ఎదురింటి లాయిడ్ హాజెక్ గుర్తొచ్చాడు. లాయిడ్ గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక లారీలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. భార్య మార్నీ క్యాన్సర్‌తో పోయి రెండేళ్లు. మిగిలింది పదిహేనేళ్ల కొడుకు ట్రెంట్. చలికాలం అంతా లాయిడ్ తెల్లవారకముందే లేచి వెర్నా ఇంటి ముందు మంచు తోసేవాడు, ఏమైనా ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. ట్రెంట్ మధ్యాహ్నం వరసలో నిలబడి రెండు రొట్టెలు అడిగేవాడు. రెండోది కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకునేవాడు, తండ్రికని. ఎవరితోనూ కలిసి కూర్చోగా ఆమె చూడలేదు.

ఒక పంది తొడ తగిలితే తండ్రీకొడుకులు వారం రోజులు కడుపునిండా తింటారు అనుకుని, వెర్నా చీటీ మీద లాయిడ్ పేరు రాసింది. ఆమె మనసులో ఉన్నది అంతే. రైఫిలు సంగతి ఆమె తలచుకోనే లేదు.

రైఫిలే వచ్చింది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. లాయిడ్ అక్కడ లేడు. వెర్నా మోకాళ్లు కూడా మర్చిపోయి వాళ్లింటికి వెళ్లి తలుపు కొట్టింది.

"నేను టికెట్ కొనలేదే," అన్నాడు లాయిడ్.

"నేను కొన్నాలే నీ పేరు మీద. ఏం, కొనకూడదా?"

లాయిడ్ గడప దాటి బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "వద్దండీ వెర్నా గారూ. మార్నీకి పడేది కాదు. ఆవిడ తమ్ముడు వేటలోనే పోయాడు కదా. ఇంట్లో తుపాకీ ఉంటే నాకు నిద్ర పట్టదనేది. తిరిగి ఇచ్చేయండి, ఇంకెవరికైనా ఇస్తారు."

"బావుంది. ఊరంతా చప్పట్లు కొట్టాక తిరిగివ్వడం ఏమిటి? మార్నీ ఉన్నప్పటి సంగతి వేరు. ఆ పిల్లాడు నోరు విప్పి ఎన్నాళ్లయిందో చూశావా నువ్వు? నవంబర్లో వాణ్ణి అడవికి తీసుకెళ్లు. ఒక చెట్టు కింద నాలుగు గంటలు కూర్చుంటే తండ్రీకొడుకులు ఏదో ఒకటి మాట్లాడుకోకుండా ఉంటారా?"

"వాడి సంగతే భయమండీ. ఈ మధ్య మరీ..."

"అందుకే చెప్తున్నా. మగపిల్లాడికి తండ్రి కావాలి. నా మాట విను నాయనా."

లాయిడ్ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. "మీరింతగా చెప్తుంటే సరేలెండి," అన్నాడు. బహుమతి తుపాకులు ఇచ్చేది తుపాకుల కొట్టులోనే, మర్నాడు అక్కడికి వెళ్లి సంతకాలు పెట్టి తెచ్చుకున్నాడు.

నవంబర్లో జింకల వేట మొదలయ్యే రోజు బడికి సెలవు. పొద్దున్నే తండ్రీకొడుకులిద్దరూ వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని ట్రక్కు ఎక్కడం వెర్నా కిటికీలోంచి చూసింది. సాయంత్రం వట్టి చేతులతో వచ్చారు, కానీ ట్రెంట్ ఏదో అంటే లాయిడ్ నవ్వాడు. ఆ నవ్వు సంగతి వెర్నా బడి బస్సు నడిపే పెగ్‌కి మూడుసార్లు చెప్పుకుంది. అదంతా తన చలవేనని అనలేదు గాని, పెగ్ అలా అంటే కాదనలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ట్రెంట్ ఆ రైఫిలుని క్రీడల సంచిలో పెట్టుకుని బడికి తెచ్చాడు. సంగీతం గదుల వైపు జరిగింది. వెర్నా అప్పుడు రెండో విడత భోజనాలకి పొయ్యిలోంచి రొట్టెల పళ్లెం తీస్తోంది. ఎవరో బల్లలు పడేస్తున్నారనుకుంది. ఇద్దరు పిల్లలకి గాయాలయ్యాయి. క్లారినెట్ వాయించే టెస్ డ్రాబిష్ అనే పద్నాలుగేళ్ల పిల్ల చనిపోయింది. ట్రెంట్‌ని ప్రాణాలతో పట్టుకున్నారు.

ఆ తరవాత ఊరు లాయిడ్ మీద పడింది. అలాంటి కొడుకుని ఇంట్లో పెట్టుకుని, తల్లి లేని పిల్లాడని కూడా చూడకుండా, రైఫిలు కోసం ఆశపడి టికెట్ కొన్నాడని అన్నారు. దుకాణంలో అన్నారు, చర్చి మెట్ల మీద అన్నారు, వడ్డించే బల్ల దగ్గర వెర్నాతోనే అన్నారు. షెడ్డు యజమాని కొన్నాళ్లు రావద్దన్నాడు. ఎవరో అతని తలుపు మీద ఎర్ర రంగు కొట్టారు. ప్రతి మాటకీ వెర్నా తల ఊపింది. ఔననీ ఊపలేదు, కాదనీ ఊపలేదు, ఊరికే ఊపింది.

లాటరీ చీటీల డబ్బా పోలీసులు తీసుకెళ్లారని తెలిసిన రోజు నుంచి ఆమె ఎదురుచూసింది. చీటీ మీద ఉన్నది తన చేతిరాత. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అనుకుంది. ఎవరూ రాలేదు. రానందుకు ఒక్కొక్క సాయంత్రం గుండె తేలికపడేది, తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. వారానికోసారి క్యాబేజీ వేసి వేయించిన నూడుల్స్ గిన్నెడు తీసుకెళ్లి లాయిడ్ మెట్ల మీద పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చేసేది. మర్నాడు గిన్నె కడిగి ఆమె మెట్ల మీద పెట్టి ఉండేది. ఇద్దరూ ఎదురుపడలేదు.

మార్చి నెలాఖరున టెస్ తల్లి జొలీన్ బడి వంటింటి వెనక తలుపు దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. చిన్నప్పుడు ఆమె కూడా వెర్నా చేతి తిండి తిన్నదే, అందుకే ఇప్పటికీ పిల్లలు పిలిచినట్టే మిస్ వెర్నా అంటుంది.

"ఏప్రిల్లో ఊరేగింపుగా కోర్టు దాకా నడుద్దామనుకుంటున్నాం మిస్ వెర్నా. తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లో దానికి తాళం ఉండాలని చట్టం చెయ్యమంటాం. బడిలో పిల్లల మనసు కనుక్కునే మనిషి ఒకరు ఉండాలంటాం. ఇప్పుడున్నావిడ మూడు బళ్లకి ఒక్కత్తే తిరుగుతోంది. ఇంక బడి పేరు మీద తుపాకీ లాటరీలు వద్దంటాం. ముందు వరసలో నా పక్కన మీరుండాలి."

"నేనెందుకమ్మా, మాటలు రానిదాన్ని."

"మాటలు నేను చూసుకుంటా. మా పిల్ల ఆఖరుసారి తిన్నది మీ చేతి తిండే. మొక్కజొన్న గింజలకి గ్రేవీ తగిలితే ముట్టేది కాదు కదా అది. మీరు రోజూ వేరే గిన్నెలో పెట్టేవారంట. నాకు ఇప్పుడే తెలిసింది."

జొలీన్ తను మాట్లాడబోయేది కాగితం మీద రాసి తెచ్చింది. నిలబడే చదివి వినిపించింది. మధ్యలో ఒక వాక్యం ఉంది: తన కొడుకు ఎలాంటివాడో తెలిసి కూడా ఆశపడి తుపాకీ తెచ్చుకున్న తండ్రి ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఆ వాక్యం దగ్గర వెర్నా నోరు తెరవాలి. అక్కడే, ఆ కడిగిన గిన్నెల మధ్య, మూడో మనిషి లేనప్పుడు చెప్పేస్తే సరిపోయేది. ఆమెకి అది తెలుసు.

"బావుందమ్మా," అంది.

ఊరేగింపు శనివారం. చలి ఇంకా పోలేదు. ఫైర్ స్టేషన్ ముందు మూడు వందల మంది దాకా చేరారు. మా ఊరికి అది పెద్ద గుంపే. బ్యాండు పిల్లలు లాటరీ డబ్బుతో కుట్టించిన కొత్త యూనిఫాంలు వేసుకోవడానికి ఒప్పుకోలేదు, వాయిద్యాలు తేలేదు. దుప్పటి మీద రంగులతో రాసిన బ్యానరుకి ఒక కర్ర జొలీన్ పట్టుకుంది, రెండోది వెర్నా. వెనక పెగ్ నడుస్తోంది. ఇనప సామాన్ల కొట్టు అరుగు మీద గస్ అనే ముసలాయన కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

"మీ నడకంతా దండగ," అని అరిచాడు గస్. "నా ఇంట్లో ఆరు తుపాకులున్నాయి. ఇంతవరకు ఎవర్నీ కాల్చలేదు."

"జింకని కూడా కాల్చలేదు కదా గస్, ఇరవై ఏళ్లుగా," అంది పెగ్. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. గస్ కూడా నవ్వాడు. నవ్వి, కాసేపయ్యాక టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పోస్టాఫీసు మలుపు దగ్గర జొలీన్ అడుగు తడబడింది. ఎదురుగా కాలిబాట మీద, గోడకి ఆనుకుని, లాయిడ్ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. కోటు అతనిది కానట్టు వేలాడుతోంది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చాడు?" అంది జొలీన్ గొంతు పెంచకుండానే. "ఒక్కటే అడగాలనుంది ఆయన్ని. ఆ టికెట్ కొనేటప్పుడు ఇంట్లో ఉన్న పిల్లాడు గుర్తు రాలేదా అని."

ఇక వెర్నా వల్ల కాలేదు. "ఆయన కొనలేదమ్మా. నేను కొన్నా. మిగిలిపోతే ఆయన పేరు రాశా. పంది తొడ వస్తుందేమోనని రాశా."

జొలీన్ ఆగలేదు. పది పదిహేను అడుగులు ముందే చూస్తూ నడిచింది. తిడుతుందనుకుంది వెర్నా, కర్ర లాక్కుంటుందనుకుంది.

"నేనూ కొన్నా మిస్ వెర్నా," అంది జొలీన్ చివరికి. "పుస్తకం మొత్తం నేనే కొనేశా. ఆ రైఫిలు మా ఆయనకి రావాలని చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించా. టికెట్‌దేముంది, ఊళ్లో కొననిదెవరు. తెచ్చి ఇంట్లో పెట్టుకున్నది ఆయన కదా. వద్దనొచ్చుగా. వద్దు అనే ఒక్క మాట రాలేదా నోటికి?"

అని, కర్రతో సహా పక్కకి జరిగి, ఒక చెయ్యి చాపి వెర్నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కింది.

వచ్చింది, ఆ మాట వచ్చింది అతని నోటికి, నేనే మింగించాను అని చెప్పాలి. చెప్పలేదు. క్షమించేసింది కదా, సగం చెబితేనే సరిపోయింది కదా అని మనసులో ఏదో ఒక మూల సంతోషం కూడా పుట్టింది. ఆ సంతోషాన్ని చూసుకుని వెర్నా సిగ్గుతో చచ్చిపోయింది. టెస్ తల్లి తన చెయ్యి పట్టుకుని ఓదారుస్తోంది. సగం నిజం చెప్పి ఆ ఓదార్పు దొంగిలించినట్టయింది.

"పెగ్, ఈ కర్ర పట్టుకోవే. మోకాళ్లు లాగేస్తున్నాయి," అంది.

"పొద్దున్నే మాత్ర వేసుకోమన్నానా లేదా? నా మాట ఎప్పుడు విన్నావు గనక," అంటూ పెగ్ కర్ర అందుకుంది.

గుంపు ముందుకి సాగిపోయింది. వెర్నా కాలిబాట ఎక్కి లాయిడ్ పక్కన నిలబడింది. రెండు నెలల తరవాత అతని మొహం దగ్గరగా చూడటం అదే.

"నడవడానికి రాలేదండీ," అన్నాడు లాయిడ్, ఎవరో అడిగినట్టు. "చూసి పోదామని."

"ట్రెంట్ ఎలా ఉన్నాడు?"

"గురువారం జైలుకి వెళ్లా. గంటసేపు ఎదురుగా కూర్చున్నాడు. ఏం మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం, నువ్వు తింటున్నావా అని అడిగాడు."

వెర్నా కళ్లు తుడుచుకుంది. "లాయిడ్, పోలీసులు నిన్ను టికెట్ గురించి అడగలేదా?"

"అడిగారండీ. చీటీ మీద రాత నీది కాదే అన్నారు. నేనే కొన్నా, కళ్లద్దాలు లేక వెర్నా గారి చేత రాయించుకున్నా అని చెప్పా."

"అలా ఎందుకు చెప్పావయ్యా?"

లాయిడ్ ఆమె వైపు చూడలేదు. కోర్టు వైపు వెళ్తున్న పిల్లల వీపులే చూస్తున్నాడు. "పొద్దున లేస్తే మీరు వాళ్లకి వండి పెట్టాలి కదా. ఇది తెలిస్తే మీ చేత్తో పెట్టింది వాళ్లకి మింగుడు పడుతుందా? నన్ను ఎలాగూ తిడుతున్నారు. తిట్టాలి కూడా. తుపాకీ పెట్టెలో దానికి వేసే తాళం కూడా ఇచ్చారండీ. దాని కవరు కూడా విప్పలేదు నేను. ఇక మీ పేరు ఎందుకు మధ్యలో."

అతను దాన్ని పెద్ద విషయంగా చెప్పలేదు. మంచు తోసినందుకు ఏమీ అక్కర్లేదని చేతులు వెనక్కి పెట్టుకునే మనిషి చెప్పే తీరే అది. ఈ రెండు నెలలూ అతనికి గిన్నెడు నూడుల్స్ పెట్టి రుణం తీర్చుకుంటున్నాననుకుంది తను. అతను మెట్ల మీద ఆ గిన్నె తీసుకుని, తిని, కడిగి పంపించాడు. ఎర్ర రంగు కొట్టిన తలుపు వెనక కూర్చుని ఆమెని కాపాడుతూనే ఉన్నాడు.

కోర్టు మెట్ల మీద మైకు గరగరలాడింది. జొలీన్ గొంతు వీధి చివరి దాకా వినిపించింది. "మా అమ్మాయి పేరు టెస్," అని మొదలుపెట్టింది. ఆ కాగితంలో ఏ వాక్యం తరవాత ఏది వస్తుందో వెర్నాకి తెలుసు. తండ్రి గురించిన వాక్యం రెండో పేజీలో ఉంది.

ఆమె నడిచింది. లాయిడ్‌కి అర్థమైంది. "వెర్నా గారూ, ఆగండి," అన్నాడు వెనకనుంచి. "ఎవరికి లాభం చెప్పండి?" ఆమె ఆగలేదు. కోట్లనీ భుజాలనీ తప్పించుకుంటూ, జరగండి బాబూ జరగండి అంటూ, వంటింట్లో వేడి గిన్నె పట్టుకుని పిల్లల మధ్యలోంచి వెళ్లే మనిషిలా వెళ్లింది. అందరూ దారిచ్చారు. అలవాటైన గొంతు కదా. మెట్లు ఎనిమిది. కమ్మీ పట్టుకుని ఎక్కింది.

"ఆ ముక్క చదవకు జొలీన్," అంది ఆయాసపడుతూ. "అది నా గురించి."

జొలీన్ కాగితం దించింది. ఏదో అనబోయి, వెర్నా మొహం చూసి, పక్కకి జరిగింది.

మైకు ఆమె ఎత్తుకి లేదు. ఎవరూ దించలేదు. ఆమె మడమలెత్తి నిలబడి, అందరికీ తెలిసినదే అయినా ముందు తన పేరు చెప్పింది. ఆ టికెట్ నేను కొన్నాను, లాయిడ్ కొనలేదు అంది. గుంపులో పెద్దగా కదలిక లేదు. కొందరు జాలిగా తలలూపారు కూడా. జొలీన్ లాగే వాళ్లు కూడా అక్కడితో వదిలేయడానికి సిద్ధంగా ఉన్నారని ఆమెకి తెలిసిపోయింది.

"అంతే కాదు," అంది. "ఆయన వద్దన్నాడు. మా ఆవిడకి ఇష్టం ఉండేది కాదు, తిరిగిచ్చేయండి అన్నాడు. పిల్లాడి గురించి భయంగా ఉందన్నాడు. భయమని నాతో చెప్పాడు. నేనే వినలేదు. తీసుకెళ్లమని నేనే పోరుపెట్టాను. ఆయన వద్దన్నాడు."

ఈసారి ఎవరూ తల ఊపలేదు. జొలీన్ కాగితం రెండు చేతులతో గుండెకి అదుముకుని, ఆమె వైపు కాకుండా దూరంగా కాలిబాట మీద నిలబడ్డ మనిషి వైపు చూస్తోంది. ముందు వరసలో ఒక తల్లి తన పిల్లని భుజం పట్టి దగ్గరకి లాక్కుంది. ఆ పిల్ల ఆరో తరగతి, పాలు తాగదు, ఆపిల్ అడుగుతుంది. వెర్నా ఆ చెయ్యి కదలడం చూసింది. కళ్లు దించుకోలేదు. మెట్ల మీదే ఉండి, వాళ్లు ఏమంటే అది వినడానికి నిలబడింది.